పోచమ్మ పసుపు, దొరసాని బుగ్గలు

మా ఆర్మూరులో ఈ కథ ఎవరు చెప్పినా ఒకేలా మొదలుపెడతారు: "గా బోరింగు దొర పెండ్లాం పోచమ్మ పసుపు దొంగతనం చేసి మొఖానికి రాసుకున్నది గదా!" మొన్న ఒక పెళ్ళిలో మా చిన్నమ్మ కోడలు ఇదే కథ నాకే చెప్పబోయింది. ఆ సంగతి జరిగేనాటికి ఆ పిల్ల పుట్టనైనా లేదు. వడ్డిస్తున్న గరిటె చేతిలో ఉండగానే "అది శుద్ధ అబద్ధం" అన్నాను. "మీరు చూసిండ్రా వదినా?" అంది. చూడటమేమిటి, చేసిందే నేను! (ఆ మాట మాత్రం గొంతు దాటలేదు. ఇన్నేళ్ళుగా దాటలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం మధ్యలో అడ్డు ప్రశ్నలు వెయ్యదు.)

అరవైల నాటి మా ఊరిని తలుచుకుంటే నాకు ముందు రంగే గుర్తొస్తుంది. శివరాత్రి వచ్చేసరికి ఊరంతా ఉడికిన పసుపు వాసన. మార్కెట్టుకు వచ్చే ఎడ్లబండ్ల చక్రాలు, పిల్లల మోకాళ్ళు, వీధికుక్కల తోకలు, సెలవులకు ఇంటికి తెచ్చుకున్న నా బి.ఏ. పుస్తకాల అంచులు, అన్నీ పచ్చగానే ఉండేవి. మా నాయిన రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తిదారు కాబట్టి మా ఇంట్లో మరీను. పక్కింటికి ఉప్పు కోసం వెళితే అడిగి తీసుకోవాలి, పసుపు మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు. మాకది ఇంచుమించు దుమ్ముతో సమానం. నా తప్పుకు మూలం అక్కడే ఉంది, ఇది సాకుగా చెప్పటం లేదు.

మా మేడగదిలో అద్దెకుండే ఇంజనీరును ఊరంతా బోరింగు దొర అనేవారు. సముద్రాలు దాటి వచ్చి, మా రాళ్ళగుట్టల కింద నీళ్ళెక్కడున్నాయో యంత్రాలు పెట్టి వెతికేవాడు. ఆయన్ను పెళ్ళాడటానికి వాళ్ళ దేశం నుంచి ఒక పిల్ల వచ్చింది. హైదరాబాదులో సంతకాల పెళ్ళి చేసుకుని మా మేడ ఎక్కారు. పెళ్ళికి రాలేకపోయిన తల్లికి ఒక మంచి ఫోటో పంపాలని, అది తను కాపురం ఉండబోయే ఊళ్ళోనే తీయించుకోవాలని ఆ పిల్ల కోరిక. ఇంగ్లీషు మాట్లాడే ఆడపిల్లను ఊరికి నేనొక్కదాన్నే, పైగా ఈడు కూడా ఒకటే. ఇంకేం, పెత్తనం నాది. మా అమ్మ పట్టుచీర కట్టబెట్టాను. నిజామాబాదు నుంచి నల్లగుడ్డ కెమెరాతో వచ్చిన ఫోటో చాచాను వెంటబెట్టుకుని, పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ ఊరి చివర వేపచెట్టు కింద ఉన్న పోచమ్మ గద్దె దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక గుట్టలు బాగా పడతాయని నా ఆలోచన.

దారి పొడుగునా ఆ పిల్లవి ఒకటే ప్రశ్నలు. చెప్పులు ఎక్కడ విప్పాలి? తల మీద కొంగు వేసుకోవాలా? అమ్మవారికి వీపు పెట్టి నిలబడితే తప్పా? ఫోటో తీసే ముందు ఎవరి అనుమతైనా తీసుకోవాలా? అన్నిటికీ నాది ఒకటే జవాబు: "ఏం ఫరవాలేదు." దేవుడు లేడని కాలేజీలో వ్యాసం రాసి మొదటి బహుమతి తెచ్చుకున్న ఏడాది అది. (బహుమతిగా ఇచ్చింది ఇత్తడి కుంకుమభరిణె.) ఆ పిల్ల పది అడుగుల ముందే చెప్పులు విడిచి కొంగు కప్పుకుంది. నేను నా కొత్త చెప్పులతో టకటకా గద్దె దాకా నడిచాను.

గద్దె మీద మోదుగాకు దొప్పలో దంచిన కొత్త పసుపు ఉంది. పెళ్ళికూతురన్నాక పసుపు లేకపోతే ఎలా అని నేనే దొప్ప అందుకున్నాను. "ఇది ఎవరిది?" అని అడిగింది ఆ పిల్ల. "ఆర్మూరులో పసుపు ఎవరిదని అడగరు" అన్నాను గొప్పగా. నల్లగుడ్డలోంచి చాచా తల బయటపెట్టాడు.

"బేటీ, గది ఎవలో మొక్కిన పసుపు లెక్కున్నది. జర అడుగరాదు?"

"మీరు ఫోటో సంగతి చూస్కోండ్రి చాచా. మా పోచమ్మ సంగతి మాకెర్కలేదా?"

(గమనించారా? నిన్నటిదాకా లేని దేవుడు, ఒక్క మాటతో మాకు సొంతమైపోయాడు.)

నీళ్ళు కలిపి ఆ పిల్ల బుగ్గలకు, చేతులకు, పాదాలకు దొప్పంతా ఖాళీ అయ్యేలా పూశాను. కొత్త పెళ్ళికొడుకు చూసి నవ్వుకుంటున్నాడు. అప్పుడొచ్చింది ఒక అవ్వ. ఏర్గట్ల నుంచి బండి మీద పొద్దున్నే బయలుదేరి వచ్చిందట. గద్దె వంక చూసి అలాగే నిలబడిపోయింది.

"నా దొప్ప ఏది? ఎవలు ముట్టిండ్రు? ఐదొద్దుల సంది అమ్మ కాడ పెట్టిన. నా బిడ్డకు నెలలు నిండినయి. రెండు కాన్పులు పోయినయి ఆమెకు. ఇయ్యాల గీ పసుపు తీస్కపోయి ఆమె కాళ్లకు రాద్దామని వస్తి గదనే!"

అంటూనే ఆ పిల్ల పచ్చటి మొహాన్ని చూసి కూలబడింది. కొత్త పంటలో మొదట దంచిన పసుపు, అందులో చిటికెడు కూడా ఇంట్లో వాడకుండా తెచ్చి పెట్టిందట. అడుగంటిన దొప్ప నా చేతిలో ఉంది. మెల్లగా వీపు వెనక్కి దాచాను.

"ఏమంటోంది?" అంది ఆ పిల్ల.

"కొత్త పెళ్ళికూతురివి కదా, దీవిస్తోంది" అని అనువదించాను. (అనువాదంలో నాకు ఎప్పుడూ మంచి మార్కులే.)

"దీవించేవాళ్ళు ఇలా ఏడుస్తారా?"

ఇక దాచలేక చెప్పాను. బిడ్డ సంగతి, పోయిన కాన్పులు, ఐదురోజుల మొక్కు, అన్నీ చెప్పాను. మార్కెట్టుకు పోతున్నవాళ్ళు అప్పటికే గుమిగూడారు. "దొరసానే తీసింది, మొఖం సూడుండ్రి!" అని ఎవరో అన్నారు. పాలవాడితో, ప్రిన్సిపాలుతో, చివరికి నాయినతో కూడా వాదించి గెలిచే నా నోరు ఆ ఒక్క నిమిషం తెరుచుకోలేదు. ఆ పిల్ల నా వంక చూసింది. తర్వాత మా అమ్మ దగ్గర వంటింట్లో నేర్చుకున్న నాలుగు ముక్కల్లోంచి రెండు ఏరుకుని, అవ్వ ముందు నేల మీద మోకాళ్ళూని, "తప్పు నాది" అంది.

అవ్వ తన కొంగు చివర తడిపి, ఆ పిల్ల బుగ్గల మీద పసుపు మెల్లగా తుడిచి, కొంగు ముడేసుకుంది. "ఏడువకు బిడ్డా. పెండ్లిపిల్లవు నువ్వు. నీ మొఖం మీదికెళ్లి తీస్కపోతే అమ్మ వద్దంటదా?" అంది. లేచి వెళుతూ ఒక్కసారి గద్దె పక్కన ఉన్న నా చెప్పులున్న కాళ్ళ వంక చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఫోటో అక్కడ తీయలేదు. "ఈడ వద్దు బేటీ" అని చాచా కెమెరా మూసేశాడు. ఇంటికొచ్చి, ఆ పిల్ల మొహం కడుక్కున్నాక, మా అరుగు మీద తీశాడు. సర్దుకుంటూ మాత్రం, "నలుపు తెలుపు ఫోటోల పసుపు యాడ కనవడ్తది బేటీ? బుగ్గలకు బురద పూసినట్టొస్తది" అన్నాడు.

"ముందే చెప్పొద్దా చాచా?"

"నువ్వు చెప్పనిస్తివా?"

పొద్దుగూకేలోపే కథ మార్కెట్టంతా తిరిగి మా గుమ్మంలోకి వచ్చింది. నాయిన చేతులు కడుక్కుంటూ, "పాపం, దొరసానికి ఏం ఎర్క? పక్కనున్న సదువుకున్నోళ్లకు ఎర్క ఉండాలె గదా" అన్నాడు. నా వంక చూడకుండా అనటమే ఆయన పద్ధతి. అప్పుడైనా "నేనే నాయినా" అనొచ్చు. అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. వానాకాలం రాకముందే పని ముగించుకుని వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. ఆ పిల్ల ఎవరితోనూ నా పేరెత్తలేదు. దొంగ దొరసాని కథ మాత్రం ఊళ్ళోనే కాపురం పెట్టింది.

పిడికెడు పసుపు తక్కువైనంత మాత్రాన కాన్పు చెడదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను, కావాలంటే ఎవరితోనైనా వాదిస్తాను. అంత గట్టిగా తెలిసినదాన్ని, ఏర్గట్ల రైతులు ఏటా మా నాయిన దగ్గరికి పసుపు తెచ్చి అరుగు మీద కూర్చుని చాయ్ తాగి పోతుంటే, ఒక్క మాట అడగటానికి లోపలి గదిలో ఎందుకు దాక్కునేదాన్నో! గ్లాసులు కూడా అమ్మ చేతే పంపించేదాన్ని. ఆనాటి నన్ను, ఆ వాదాలపుట్టను తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. జుట్టు నెరిశాక ఇప్పటికి ధైర్యం వచ్చింది. ఏర్గట్ల వైపు వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి చెప్పండి: ఆ అవ్వ బిడ్డకు ఆసారి కాన్పు చల్లగా అయిందా?