పులమ్మకు పెట్టిన మాత్రలు

మంచం పక్కన స్టూలు మీద క్యాల్షియం మాత్రలుంటాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి నొక్కి తీస్తే ముందు చాక్‌పీసు పొడి వాసన, దాని వెనకాలే ఉత్తుత్తి బత్తాయి వాసన వస్తాయి. పాపను కన్నప్పటినుంచీ ఇదే వరస. ఆ వాసనకి నాకు పాలో, ఎముకలో, డాక్టరమ్మో గుర్తుకు రావాలి. గుర్తుకొచ్చేది మాత్రం బొద్దింక. ఒళ్ళంతా తెల్లపొడి పూసుకుని గాజుపెట్టెలో అటూ ఇటూ పరుగెత్తే బొద్దింక.

హౌరాలో, టికియాపారా రైల్వే క్వార్టర్లలో మాది చివరి వరస. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి తాతయ్య చేరిన రైల్వేలోనే నాన్నా చేరాడు. ఆ రెండు గదుల్లోనే మేమూ, నాన్న తల్లి మా మామ్మా, బాబాయీ, సువార్త పిన్నీ, వాళ్ళ ఇద్దరాడపిల్లలూ సర్దుకుని బతికేవాళ్ళం. ఎండాకాలం గోడలు పొయ్యిలా కాలితే నేల తడిపి చాపలు వేసుకునేవాళ్ళం, వానాకాలం మోకాలిలోతు నీళ్ళలో బడికి పోతూ చెప్పులు చేతుల్లో పట్టుకునేవాళ్ళం, చలికాలం వస్తే కొత్త ఖర్జూరం బెల్లం వాసన వీధంతా కమ్ముకునేది, ఆ బెల్లంతోనే మామ్మ క్రిస్మస్‌కి అరిసెలు వండి, ఊళ్ళో అరిసెల్లా లేవని ప్రతి ఏడూ సణిగేది. బంద్ రోజుల్లో బస్సులుండవు గనక రోడ్డంతా మాదే. ఎర్రజెండాల తోరణాల కింద మగపిల్లలు క్రికెట్టు, మేం తొక్కుడుబిళ్ళ.

బాబాయిది గంగ అవతల మెటియాబ్రుజ్ రేవులో పని. లాంచీలో దాటి వెళ్ళేవాడు. ఒకసారి ఎవరో ఓడ వంటవాడు వదిలించుకున్న రెండు బల్లుల్ని గాజుపెట్టెతో సహా ఇంటికి తెచ్చేశాడు. మన గోడబల్లులు కావవి. పసుప్పచ్చటి ఒంటిమీద నల్లచుక్కలు, చిరుతపులికున్నట్టు. గోడలెక్కవు. కళ్ళకి రెప్పలుంటాయి. తోక ముల్లంగిలా లావు. తిన్నదంతా అందులోనే దాచుకుంటాయని ఓడవాడు చెప్పాడట.

మామ్మ నెత్తి కొట్టుకుంది. మనం దేవుని బిడ్డలం, మనకి శకునాలేటి అంటూనే, భుజం మీద బల్లి పడితే తలంటు పోసుకునే మనిషావిడ.

"ఇంట్లో ఉన్న బల్లులు సాల్నేదేటిరా, ఓడెక్కినోటిని కూడా మోసుకొచ్చినావు?"

బాబాయి నవ్వి మగదానికి పులి, ఆడదానికి పులమ్మ అని పేర్లు పెట్టాడు. పెట్టెలో అట్టముక్క అడ్డం పెట్టి రెంటినీ విడివిడిగా ఉంచాడు. పేర్లు ఆయన పెట్టాడు గానీ చాకిరీ పిన్నిదే. వానాకాలం వీధిదీపం కింద రాలే కీచురాళ్ళని మేం అగ్గిపెట్టెల్లో పట్టుకొచ్చేవాళ్ళం. మిగతా రోజులకి వంటింటి బొద్దింకలు ఎలాగూ ఉన్నాయి. పిన్ని చెయ్యి పెడితే పులమ్మ అరచేతిలోకి ఎక్కి, కళ్ళు మూసుకుని పడుకునేది. పిన్ని ఇంట్లో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. దానితో మాత్రం కందిపప్పు ఉడకలేదనీ, చిన్నపిల్లకి జలుబు చేసిందనీ అన్నీ చెప్పేది.

అప్పుడప్పుడూ అట్టముక్క తీసి బాబాయి వాటిని కలిపేవాడు. పులమ్మ తడి ఇసకలో గుడ్లు పెట్టింది. వేసవి కాకకి పిల్లలు కూడా వచ్చాయి, చారలు చారలుగా, వేలెడంతవి. బాబాయి వాటిని రేవులో స్నేహితులకి ఇచ్చి గొప్పవాడైపోయాడు. మిగతావాళ్ళు, దాదా మాకూ, దాదా మాకూ అని వెంటపడితే అందరికీ మాట ఇచ్చేశాడు. మాట ఇవ్వడంలో మా బాబాయిని మించినవాడు లేడు. మళ్ళీ గుడ్లు, మళ్ళీ గుడ్లు. పులమ్మ తోక సన్నబడి పుల్లలా అయింది. వెనకకాళ్ళు వంకర తిరిగాయి. బొద్దింక మీదికి ఉరికి నోరు మూయలేక వదిలేసేది. బెణికిందనుకుని మామ్మ తమలపాకుల డబ్బాలోంచి సున్నం తీసి, పసుపు కలిపి కాళ్ళకి పట్టు వేసింది, మాకు బెణికితే వేసినట్టే. అది గిలగిల్లాడుతుంటే పిన్ని తడిగుడ్డతో తుడిచేసింది.

అప్పుడు పిన్ని మూడోసారి కడుపుతో ఉంది. మగపిల్లాడు కావాలని బాబాయీ, మామ్మా, చర్చిలో ప్రార్థన చేసేవాళ్ళూ అందరూ అనేవాళ్ళు. పిన్నిని ఎవరూ అడగలేదు. క్రిస్మస్ జంతికలకి పీట మీద కూర్చుంటే లేవలేక నా భుజం పట్టుకునేది. అన్నం తింటుంటే ఒక పన్ను ఊడి కంచంలో పడింది. దాన్ని తీసి పక్కన పెట్టి మిగతా అన్నం తినేసింది. నేను చూస్తూ కూర్చున్నాను. భయం వేసిందా అంటే, లేదు. మా ఇంట్లో ఆడవాళ్ళ ఒళ్ళు అలాగే అరుగుతుందని అనుకున్నాను.

ఆసుపత్రికి అమ్మతోపాటు నేనూ వెళ్ళాను. డాక్టరు దీదీ మాత్రలు రాసి, తిండిలో క్యాల్షియం చాలకపోతే కడుపులో బిడ్డ తల్లి ఎముకల్లోంచి లాక్కుంటుందనీ, ఈ కాన్పుతో ఆపెయ్యమనీ బెంగాలీలో చెప్పింది. పిన్ని తలూపింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా పెట్టె ముందు కూర్చుని పులమ్మ కాళ్ళు చూసింది.

"ఓసి నీ దుంప తెగ, నీదీ నా రోగమేనేటే!"

ఆ రోజునుంచీ తన మాత్రని రోకలిబండతో నూరి, ఆ పొడిలో బొద్దింకని దొర్లించి దానికి పెట్టేది. ఆసుపత్రిలో ఇచ్చేవి ఒకరికి సరిపడా మాత్రలే. పిన్ని ఒక్కటీ వేసుకోలేదు.

తర్వాత వచ్చిన బంద్ రోజున లాంచీలు లేక బాబాయి ఇంట్లోనే ఉన్నాడు. ఊరికే కూర్చోలేక పెట్టెలో అట్టముక్క తీయబోయాడు. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒగ్గీండి. దాని ఒంట్లో ఇంకేటీ మిగల్నేదు."

"మాటిచ్చినానే. నోరునేని జంతువు, దానికేటి తెలుస్తాది?"

పిన్ని చెయ్యి తీసేసింది. ఎందుకు తీసిందో నాకిప్పటికీ అర్థం కాదు. అలవాటు, అంతే అనుకుంటాను.

ఈసారి గుడ్లు మెత్తగా, తడికాయితంలా వచ్చాయి. పులమ్మ పొట్ట ఈడ్చుకుంటూ తిరిగింది. ఆ గుడ్లు పారేస్తుంటేనే మామ్మ రోకలిబండకి అంటిన పొడి చూసి, సంగతి తెలుసుకుని తిట్టిపోసింది, కడుపుతో ఉన్నదానివి మందులు బల్లికి మేపుతావా అని. మర్నాడు పొద్దున బాబాయి పనికి బయల్దేరుతుంటే, పిన్ని అన్నం క్యారేజీతోపాటు మూతకి చిల్లులు పొడిచిన డాల్డా డబ్బా చేతికిచ్చింది. లోపల పులి ఉంది.

"పిల్లలు కావాలన్నోలికి ఇచ్చీండి. దీనికింక సాలు."

బాబాయి ఆవిడ మొహం చూసి, డబ్బా పట్టుకెళ్ళిపోయాడు. పిన్ని గెలిచింది ఆ ఒక్కసారే.

పులమ్మ మెల్లగా కోలుకుంది. కాళ్ళు వంకరగానే ఉండిపోయాయి గానీ తోక మళ్ళీ ఊరింది, బొద్దింకల్ని పట్టింది, ఇంకెన్నో చలికాలాలు బతికింది. పిన్నికి మూడోదీ ఆడపిల్లే. డాక్టరు మాట ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత ఇంకొక ఆడపిల్ల, ఆ తర్వాత మగపిల్లాడు. అందరూ మిఠాయిలు తిన్నారు. నేనూ తిన్నాను, చేదుగా ఏం లేదు. చంటాడు నడక నేర్చేలోపు పిన్ని నీళ్ళ బిందెతో గుమ్మంలో జారిపడింది. తుంటి విరిగి మంచమెక్కింది. మంచం పక్కనే పెట్టె, అందులో పులమ్మ. ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవాళ్ళు.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, కొట్టేశారు. ఎర్రజెండాలు లేవు. మామ్మ లేదు, బాబాయి లేడు, ఎవరూ కీచురాళ్ళు పట్టరు. పులమ్మని చర్చి గోడ పక్కన పాతిపెట్టిన చోట స్కూటర్లు పెడుతున్నారు. మొన్న అటు వెళ్ళి చూశాను. నాకేమీ అనిపించలేదు. ఎండ ఎక్కువగా ఉందనిపించింది.

పిన్ని ఉంది. హౌరాలో కొడుకు దగ్గర, కర్ర పట్టుకుని వంగి నడుస్తుంది. నిన్న మా అత్తగారు పాపకి తల దువ్వుతూ, దీనికో తమ్ముడుంటే బాగుండును అన్నారు. నేను ఊఁ కొట్టాను. సాయంత్రం పిన్ని ఫోను చేసింది. పళ్ళు లేవు, మాటలు గాలిగా వస్తాయి.

"మాత్రలు నువ్వే తింతన్నావా, ఎవులికన్నా పెట్టేస్తన్నావా?"

నేనే తింటున్నానన్నాను. అత్తగారి మాటా చెప్పాను.

"సాలు అని నువ్వే సెప్పు. పులమ్మకి నాను సేసినట్టు, ఒకులు డబ్బాలో ఎట్టి పంపిస్తారని కూకోకు. నా కోసం ఎవులూ పంపినేదు."

ఫోను పెట్టి, మధ్యాహ్నం మర్చిపోయిన మాత్ర తీసి నమిలాను. తర్వాత లేచి అత్తగారి గదిలోకి వెళ్ళాను.