భూమి మీదికి రాని రాయి

ఈ సంగతి అప్పుడే రాయలేదంటే, నాకు రాయడం రాదు గనక. ఫరీదాబాద్‌లో ఒక ఆస్పత్రిలో ఆయాగా పనిచేస్తూ, యాభై దాటాక, మా వార్డులోని తెలుగు నర్సు దగ్గర మందుల అట్టపెట్టెల వెనక అక్షరాలు దిద్దాను. చదవడం ముందు వచ్చింది. రాయడానికి చెయ్యి తిరిగేసరికి ఇంకో రెండేళ్లు పట్టింది.

మా చెల్లెలికి రొమ్ములో గడ్డ. సోమవారం ఆపరేషన్. ముందురోజు పొద్దున మా ఇంట్లోనే ప్రార్థన కూటం. మా ఆడవాళ్లలో చాలామందికి చదువు లేదు. బైబిలు సంఘపెద్ద చదివేవాడు, మేము ఆమెన్ అనేవాళ్లం.

ఆ రోజు ఆయన, ఊరినుంచి ఆవకాయ సీసాకు చుట్టి వచ్చిన తెలుగు పేపరు ముక్క పైకెత్తి చూపించాడు. అందులో బంగాళాదుంపలాంటి రాయి బొమ్మ.

"చూడండమ్మా, మన పేపర్లోనే వేశారు. ఆకాశంలో కొండలకంటే పెద్ద రాయి తిరుగుతోంది. ప్రభువు రాకడకు గుర్తు. నాలుగు రోజులుండే లోకంలో కోతలెందుకు, కుట్లెందుకు?"

అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. చెల్లెలు ఆ ముక్కను తన బైబిల్లో దాచుకుని, "ఆపరేషన్ వద్దులే అక్కా," అంది.

మధ్యాహ్నం అది పడుకున్నాక ఆ ముక్క తీసి కూడబలుక్కుంటూ చదివాను. పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది. ఆ రాయి అంగారకుడికీ గురుడికీ మధ్యన, అలాంటి రాళ్ల గుంపులోనే ఉండి సూర్యుడి చుట్టూ తిరుగుతోందట. దానివల్ల భూమికి ఏ ప్రమాదమూ లేదట. ఆయన చదివిన వాక్యం కిందనే ఉందా మాట.

సాయంత్రం సంఘపెద్ద ఇంటికి వెళ్లాను. పకోడీ తింటున్నాడు.

"బ్రదర్‌గారూ, ప్రమాదం లేదని రాసుంది కదా. చూడలేదా?"

"అచ్ఛా! నీకు చదువొచ్చిందా సిస్టర్?" అని నవ్వాడు. "చూశానమ్మా. భయం లేకపోతే మీలో ఒక్కరైనా ప్రార్థనకొస్తారా?"

"రేపు మా చెల్లెలి ఆపరేషనండీ."

"ఠీక్ హై, చేయించుకోమను. నేనేమన్నా చేతులు కట్టేశానా?"

నూనె వేళ్లు లుంగీకి తుడుచుకున్నాడు. ఇన్నేళ్లూ ఆమెన్ అన్నది ఈ నోటి మాటకా? ఇంటికొచ్చి, పొద్దున ఆయన టీ తాగిన గ్లాసు మూడుసార్లు తోమాను. అయినా అలమరలో పెట్టబుద్ధి కాక చెత్తలో వేశాను.

చెల్లెలికి చెప్తే నమ్మలేదు. "నిన్నగాక మొన్న వచ్చిన చదువు నీది. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?"

మర్నాడు ఉదయం దాని ఫైలు సంచిలో పెట్టి, సణుగుతున్నదాన్ని ఆటో ఎక్కించాను. పేపరు ముక్క దాని ఒళ్లో పరిచి, వేలు పెట్టి పైకి చదివాను. నా చదువు నెమ్మది. ప్రమాదం లేదన్న చివరి వాక్యానికి ఆస్పత్రి గేటు వచ్చేసింది. ఆ వాక్యం మళ్లీ చదవమంది. చదివాను. దిగింది.