లాగ్ ఎక్కడ రాస్తోంది?

మా చిర్రుబుర్రు మాస్టారికి ఒకటే జబ్బు, కోపం. ఆ కోపానికి ఒకటే ప్రశ్న: "లాగు ఎక్కడ రాస్తోంది?"

ఆయన ఆస్పత్రి నెట్‌వర్క్ విభాగానికి పెద్ద. నేను ఆయన కింద ఆరేళ్లు తిట్లు తిన్నవాణ్ణి. కంప్యూటర్ల మధ్య కాపలా కాసే ఫైర్‌వాల్ దేన్ని పోనిచ్చిందో, దేన్ని ఏ రూలు ప్రకారం ఆపిందో వరసగా రాసిపెట్టేదే ట్రేసు లాగ్. అది ఎక్కడ రాస్తోందో చెప్పలేనివాడు ఆయన లెక్కలో మనిషే కాదు.

ఓసారి లిఫ్టులో, "నీ లాగు ఎక్కడుందో నీకే తెలీదా? సిగ్గులేదూ!" అని ఫోన్లో అరిచారు. పక్కనున్న పేషెంటు పాపం, గబుక్కున కిందికి చూసుకున్నాడు.

ఇంట్లోనూ అంతే. "పాలు విరిగాయండీ" అంటే, "ఎన్నింటికి? ఎక్కడ రాశావ్?"

"మీ నుదుటి మీద రాస్తా, ఉండండి" అనేది వాళ్లావిడ.

ఒక ఉదయం ల్యాబు రిపోర్టులు వార్డులకు చేరడం ఆగిపోయింది. మేనేజరు ల్యాబులో పనిచేసే ఆవిడ మీద విరుచుకుపడ్డాడు.

"వైరు పీకేశావు కదూ? రేపట్నుంచి రానక్కర్లేదు!"

"నేను ముట్టుకోలేదండీ" అంటూ ఆవిడ ఏడ్చేసింది.

మేనేజరు మావైపు తిరిగి, "ముందు ఫైర్‌వాల్ ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి" అన్నాడు.

మాస్టారు సర్వర్ గది గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డారు. చూపు మాత్రం నామీద.

"పొద్దున్నుంచి నడుస్తున్న ట్రేసు ఎక్కడ రాస్తోంది?"

"మెమరీలోనే సార్..."

"డిస్కులోకి రాయించమని ఎన్నిసార్లు మొత్తుకున్నా! ఆపగానే మెమరీలోది ఎగిరిపోతుంది. దాంతోపాటే ఈవిడ ఉద్యోగం! ముందు కాపీ తియ్యి!"

"అంతవరకూ రిపోర్టుల సంగతేంటి?" అన్నాడు మేనేజరు.

"కాగితాల మీద తీయించి మీరే పట్టుకెళ్లండి. కాళ్లున్నాయిగా!"

మేనేజరు మూడంతస్తులు పరిగెత్తి వగర్చుకుంటూ వచ్చేసరికి లాగ్ మా ముందుంది. ల్యాబు రిపోర్టులు ఫైర్‌వాల్ దాకా భేషుగ్గా వచ్చాయి. అక్కడ, ఆ ఉదయమే పెట్టిన కొత్త రూలు వాటిని ఆపేసింది. ఆ రూలు పెట్టింది నేను.

మాస్టారు ఆ రూలు తీసేసి, రిపోర్టులు ఆగిన కారణం రాసే ఫారం నా చేతిలోంచి లాక్కున్నారు. "తప్పు మా విభాగానిది. బాధ్యత నాది" అని, కాగితం చిరిగేంత కోపంగా సంతకం పెట్టారు. మేనేజరు చేత ఆవిడకు అక్కడికక్కడే సారీ చెప్పించారు.

అందరూ వెళ్లాక ఒక గంట నన్ను తిట్టారు. చివర్లో, "ఆవిడతో నిజం చెప్పావా?" అన్నారు.

"భయంగా ఉంది సార్. తిడుతుంది."

"పద, నేనూ వస్తా. నీ వాటా తిట్లు కూడా నేనే తింటాలే. పెట్టడమే తప్ప తినడం చేతకాదనుకున్నావా!" అని అరుస్తూ, నాకన్నా ముందు నడిచారు.