కిర్గిజ్ కవి, మా తాతగారి పులి

మెర్డెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందు సంవత్సరం నన్ను కౌలాలంపూర్‌లో తపాలా తనిఖీ గదికి తెలుగు పరిశీలకుడిగా వేశారు. కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి బ్రిటిషువాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. ఇండియా నుంచి వచ్చే పుస్తకాలను చదివి, ఒక్కొక్కదానికి అర పేజీ ఇంగ్లీషు నివేదిక రాయాలి. దాని మీద పై అధికారి వదలమనో, ఆపమనో, పోలీసులకు పంపమనో రాసేవాడు. పోలీసుల దాకా వెళితే పుస్తకం తెప్పించుకున్న మనిషిని విచారణ లేకుండా నిర్బంధించవచ్చు, ఓడ ఎక్కించి దేశం దాటించవచ్చు. నా హోదా చిన్నది. కుర్చీకి వీపు కూడా లేదు. మా వంశంలో ఎవరూ వెనక్కి ఆనుకుని కూర్చోలేదు కనుక నాకా లోటు తెలియలేదు.

ఒకరోజు బెజవాడ నుంచి పలచని పుస్తకం ఒకటి వచ్చింది. ఒక కిర్గిజ్ కవి జీవితం. కొండల్లో గొర్రెలు కాసినవాడు, అక్షరం రాదు. మూడు తీగల వాయిద్యం మీటుతూ విందుల్లో ప్రభువులను పొగిడాడు. ఒక ప్రభువును తిట్టి, శిక్షపడి సైబీరియాకు పోయాడు. తిరిగొచ్చి కొత్త సోవియట్ ప్రభుత్వాన్ని పొగిడాడు. ఆయన పోయాక ఆ పాటలను లిపి మార్చి మార్చి అచ్చువేశారట. ఏ లిపి అయినా ఆయనకు ఒకటే. "గుర్రాలు ఎక్కువ, ప్రమాదం తక్కువ" అని రాశాను. పుస్తకాన్ని వదిలేశారు.

కొన్ని నెలలకు, బాగన్ దాతుక్ కొబ్బరి తోటలో అప్పలసూరి అనే కూలీ ఆ కథను రామమందిరంలో జముకు వాద్యం వాయిస్తూ పాడుతున్నాడని పోలీసులకు కబురు అందింది. పుస్తకం వచ్చింది అతని పేరునే. ఇంగ్లీషు ఇన్‌స్పెక్టర్ దుబాసీగా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. దుబాసీ ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట వదలకూడదు. తోట ఆఫీసు వరండాలో అప్పలసూరి, అతని భార్య నిలబడి ఉన్నారు. మలయాలో పుట్టిన ఆ మనిషి ఎన్నడూ చూడని ఇండియాకు ఓడ ఎక్కుతాడా లేదా అన్నది ఆ ఉదయం తేలాలి.

రష్యా దేశపు కవితో నీకేం పని అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"పాడుకు తినీవోడు మావోడే గదా బాబూ. గుర్రం పాలు తాగినాడని రాసినారు. మావోళ్ళు నవ్వుతారని ఆవు పాలు సేసినాను."

కథ చివర అన్నం పెట్టినవారిని పొగడడం జముకుల కథ చెప్పేవారి ఆచారం. పుస్తకం చివర సోవియట్ నాయకులు ఉన్నారు. వాళ్ళు ఇతనికి ఏమీ పెట్టలేదు. తోట మేనేజరు దీపానికి కిరోసిన్ ఇచ్చాడు. కనుక వాళ్ళను తీసి మేనేజరును పెట్టానన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నమ్మలేదు. పాడేది నువ్వు నమ్ముతావా అని నిలదీశాడు. నా ఇంటిపేరు విన్నాడు కాబోలు, అప్పలసూరి నావైపు తిరిగి మా దివాణం పేరు చెప్పి, ఆ ఇంటివారేనా అన్నాడు. అవునన్నాను.

"మీ తాతగారు పులిని సంపినారని మా తాత పాట కట్టినాడు బాబూ. అది పిల్లి. ఊరందరికీ తెలుసు. మూడు కుంచాల బియ్యం ఇచ్చినారు, పులైపోనాది."

"నీ నోరు పడిపోనూ! బాబుగారి ముందర ఏటా మాటలు లా!" అంది భార్య, మాట చివర మలయావాళ్ళ 'లా' తగిలించి.

ఏమన్నాడని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. మా జమీ పన్నెండు గ్రామాలూ తాతగారి వ్యాజ్యాల్లో పోయాక మాకు మిగిలింది ఆ పులి ఒక్కటే. సంతకానికి ముందు బిరుదుగా వేసుకునేవాళ్ళం. అయితే అప్పలసూరి దగ్గర ఉన్న సాక్ష్యం కూడా ఆ పిల్లి ఒక్కటే. నిటారుగా నిలబడి, కుంచాల లెక్కతో సహా అనువదించాను.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి పక్కన పెట్టి నవ్వాడు. "పాట అన్నదాత కోసం, పార్టీ కోసం కాదు" అని ఫైలులో రాసి మనిషిని వదిలేశాడు. తర్వాత ఆ సంగతి క్లబ్బులో చెప్పాడు. మెర్డెకా దాకా ఆఫీసులో నా వెనక మ్యావ్ అనేవారు. మెర్డెకా తర్వాత కూడా అన్నారు, కాకపోతే ఆ అనేవారికి ప్రమోషన్లు వచ్చాయి.

కవి రాజద్రోహి అవునా కాదా అన్నది పాటలో వెతకకూడదని, ఆ పూట భోజనం ఎవరు పెట్టారో ముందు అడగాలని నాకు తెలిసింది. ఆ తర్వాత ప్రతి నివేదికలో మొదటి వాక్యం అదే రాశాను. మా వంశచరిత్రకు మాత్రం ఆ ప్రశ్న వేయలేదు. అది తపాలాలో రాలేదు కనుక నా పరిధిలోకి రాదు.