అవతలి గెట్టు మీది కూత

నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. అయినా నేను యూనివర్సిటీ కోర్సు చదివినదాన్ని. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

నారాయణఖేడ్ కాలేజీలో యూనివర్సిటీ వాళ్లు ఆదివారాలు కవిత్వం రాయడం నేర్పుతున్నారనీ, చదువుతో పనిలేదు, ఎవరైనా చేరవచ్చనీ కోడలు ఫోన్‌లో చూసింది. తను చేరుతూ నన్నూ చేర్పించింది.

"మామ పోయిననాడు నువ్వు ఏడుస్తుంటే ఊరంత చెవులొగ్గి విన్నది అత్తమ్మా. కవిత్వమంటే గదే" అంది.

మా ఆడబిడ్డది పక్కిల్లే. అది విని నవ్వింది. "మొగుడు పోయినదానికి కవిత్వమేంది వదినా? నీ గొంతుకు పిట్టలే లేసిపోతయ్, ఇగ మనుషులు కూసుంటరా?"

ఆమె అన్నది అబద్ధం కాదు. నాది గరుకు గొంతు. జొన్న కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా చేను గెట్టు మీద నిలబడి కూతలు పెట్టి పిట్టల్ని తోలి తోలి అట్లా అయింది. అయినా ఆ మాట గుచ్చుకుంది. కోర్సు ఆఖరున సభ పెడతారట, ఒక్కొక్కరూ తమ కవిత ఒకటి అందరి ముందు చదవాలట. నా మొగుడి మీద కవిత కట్టి, ఆ సభలో ఆడబిడ్డను ముందర కూర్చోబెట్టి చెప్పాలని పట్టు పట్టాను.

క్లాసులో ఒక నియమం ఉంది. ఒకరి కవిత చదివాక మిగిలినవాళ్లంతా దాని మీద మాట్లాడతారు. రాసినవాళ్లు మాత్రం నోరు మూసుకుని వినాలి.

"నోరు మూసుకునుడు నేర్సుకోనీకి గింత దూరం ఎందుకు మేడం? మా ఊర్ల ఫుకట్‌ల నేర్పుతరు" అన్నాను. అందరూ నవ్వారు. పాఠం చెప్పే మేడం కూడా నవ్వింది.

నా కవితను కోడలు కాగితం మీద రాసి తెచ్చేది. తీరా క్లాసులో నేను చెబితే కాగితం ఒకటి, నోరు ఒకటి. మేడం కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూసేది.

"పోయిన వారం ఇట్లా చెప్పలేదు కదమ్మా?"

"పోయిన వారం దుఃఖం పోయిన వారంది మేడం."

నాకు తెలిసిన పాట అటువంటిదే. కలుపు తీసేటప్పుడైనా, పీనుగు దగ్గరైనా, నోటికి ఏ వరుస వస్తే అదే పాట. నిన్న అన్న మాటే ఇవాళ అనాలంటే చుట్టాలకు చద్ది వడ్డించినట్టు ఉండేది. "వారానికోసారి మారిపోయేదాన్ని ఎట్లా దిద్దుతాం?" అని మేడం తల పట్టుకుంది.

సభ దగ్గర పడ్డాక, నా కవిత మీద అందరూ మాట్లాడే వంతు వచ్చింది. "నా రాజా, నన్నిడిసి పోతివా, నా పసుపు కుంకుమ గుంజుకపోతివా" అని మొదలుపెట్టాను. మధ్యలో జొన్న చేనులో పిట్టలు తోలిన ముచ్చట చెప్పి, ఆఖరున మళ్లీ "నా రాజా" అని ముగించాను. కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్ద నుంచి వచ్చే డిగ్రీ పిల్ల ఒకతి భయపడుతూ నోరు తెరిచింది.

"ఏమనుకోకు పెద్దమ్మా. నా రాజా, నన్నిడిసి పోతివా అని మా అవ్వ గూడ ఏడ్చింది. కన్నడల ఏడ్చింది గని మాట గదే. జొన్న చేన్ల ముచ్చట మాత్రం నేనెక్కడ ఇనలే."

నాకు ఒళ్లు మండిపోయింది. జవాబు నాలుక చివర ఉంది. నియమం గుర్తొచ్చి పళ్లు బిగబట్టాను. అంతలో నా కోడలే లేచింది.

"అత్తమ్మ వారానికొక తీరు చెప్పింది, అన్నీ నేనే రాసిన. పిట్టల మాట మాత్రం ఒక్కసారి గూడ మారలే."

మేడం నా దగ్గరకు వచ్చి కూర్చుంది. "ముందుదీ వెనుకదీ తీసేద్దామా అమ్మా? కవిత నీది, నీ ఇష్టం. వద్దంటే ఉంచుదాం."

నా గాజులు పగలగొట్టిన రోజు నన్ను ఎవరూ అడగలేదు. చెయ్యి పట్టుకుని రాయి మీద కొట్టారు. ఇక్కడ నా మాటలు రెండు తీయడానికి ఇంత చదువుకున్న మనిషి నన్ను అడుగుతోంది. అవి లేకుంటే నేను ఏడ్చినట్టు ఎట్లా తెలుస్తుందని చాలాసేపు ఆలోచించాను. తర్వాత "తీయుండ్రి" అన్నాను.

సభనాడు ఆడబిడ్డను ఆటోలో ఎక్కించుకుని పోయి ముందు వరుసలో కూర్చోబెట్టాను. నా పేరు పిలిచారు. కాగితం లేకుండా పోయి నిలబడి చెప్పాను.

పిట్టలు తోలనీకి ఈ గెట్టున నేను,
ఆ గెట్టున నువ్వు.
నేను కూత పెడితే నువ్వు కూత పెడుదువు,
నీకు కునుకు పట్టలేదని నాకెరుక.
ఈ ఏడు నేనొక్కదాన్నే కూత పెట్టిన.
పిట్టలు లేసి,
ఆ గెట్టు దిక్కు చూసి,
మళ్ల కంకుల మీద వాలినయ్.

అక్కడికి వచ్చేసరికి నా నాలుక "నా రాజా" అనడానికి లేచింది. నోరు మూసుకున్నాను. క్లాసు నియమం అక్కడ పనికొచ్చింది. హాలంతా చప్పట్లు. నేను తల దించుకోలేదు, అందరినీ చూస్తూ నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆడబిడ్డ నా పక్కకు జరిగి కూర్చుంది.

"ఆడ నిలబడి ఏడుస్తవనుకుంటి వదినా" అంది.

"ఏడ్వలే."

"నన్ను ఏడిపిస్తివి గదా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా అన్న కూత నాకు ఇనబడ్డది. మళ్లొక్కపారి చెప్పు."

ఆటో చప్పుడును మించి, ఈ గరుకు గొంతుతోనే మళ్లీ చెప్పాను. ఒక్క మాట మారలేదు.