బోరింగుకి చుట్టిన తీగ

ఉత్తరాదిన మునిర్కాలో మేం అద్దెకున్న ఇంటి నడివాకిట్లో ఒక బోరింగు ఉండేది. నాలుగు వాటాలకీ అదే నీళ్లు. తొంభైల్లో మాట. మే నెల వచ్చిందంటే కూలర్లన్నీ ఒక్కసారే తిరిగేవి, కరెంటు సగం సగం వచ్చేది. ఒక తీగలో వచ్చిన కరెంటు ఇంకో తీగలో తిరిగి పోవాలి. ఆ తిరుగు తీగ స్తంభం దగ్గర కాలిపోతే లైన్‌మన్ కోసం కాచుకునే ఓపిక ఎవరికీ లేదు. ఓ ముక్క తీగ తెచ్చి బోరింగు గొట్టానికి చుట్టేసేవాళ్లు, కరెంటు భూమిలోకి పోతుందని. కూలరు తిరిగేది. బోరింగు పట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. చెప్పులేసుకుని కొట్టుకోండి అనేవాళ్లు, అంతే. నేనూ రబ్బరు చెప్పులతో కొట్టుకున్నదాన్నే. ఒక్కనాడూ నోరెత్తలేదు. అద్దెవాళ్లం, పైగా వాళ్ల లెక్కలో మద్రాసీలం. గట్టిగా అడిగితే ఇల్లు ఖాళీ చెయ్యమంటారని భయం.

ఆసారి తీగ చుట్టింది ఇంటివాళ్ల కొడుకే. మధ్యాహ్నం అతని పెళ్లాం, ఇరవై ఏళ్ల పిల్ల, వట్టి కాళ్లతో వచ్చి పిడి పట్టుకుంది. బిందె పొర్లి నీళ్లు ఆమె కాళ్ల కింద పారుతున్నాయి. కొట్టడం ఆగింది. పిడి మాత్రం వదల్లేదు. పళ్లు బిగించి నిలబడిపోయింది, అరవను కూడా లేదు. గుమ్మంలో బియ్యం ఏరుతున్నదాన్ని, చేట పడేసి వెళ్లి చెయ్యి పట్టి లాగబోయాను.

"మత్ ఛూనా అమ్మా" అని, ముట్టుకోవద్దంటూ నా కూతురు నన్ను పక్కకి నెట్టేసింది. నర్సింగు రెండో ఏడు చదువుతోంది. నేను తెలుగులో ఏం అడిగినా దాని జవాబు హిందీలోనే. గోడ మీది మెయిన్ దింపింది. ఆ పిల్ల నిలువునా కూలిపోయింది.

ఊపిరి లేదు. నాకు తెలిసిన వైద్యం ఒకటే, అదే చెప్పాను. "ఇసుకలో పెట్టండి. గొంతుదాకా కప్పితే కరెంటు లాగేస్తది." ఆ పిల్ల అత్తగారిదీ అదే మాట. మునిర్కాలో ఎప్పుడూ ఎవరో ఒకరు మేడ మీద మేడ లేపుతుంటారు, వాకిలి ముందే ఇసుక కుప్ప ఉంది. పక్కింటి మగాళ్లిద్దరు పారలందుకున్నారు.

నా కూతురు మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిల్ల రొమ్ము నడుమ రెండు చేతులూ ఆనించి నొక్కడం మొదలెట్టింది, ఏక్ దో తీన్ అని లెక్కపెడుతూ. మధ్యమధ్య నోట్లో నోరు పెట్టి ఊదుతోంది.

"ఏయ్ పిల్లా, నా కోడల్ని నలిపి చంపుతావా? లే అక్కణ్ణించి" అంది అత్తగారు.

"ఆ తవ్వేవాళ్లని బండి తెమ్మనండి ఆంటీ."

పిల్ల పోతే కరెంటు చంపిందనరు, నా కూతురి చేతులు చంపాయంటారు. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ నిమిషంలో కోడలు బతకాలని కాదు, నా కూతురు అక్కణ్ణించి లేవాలని కోరుకున్నా. భుజం పట్టి లాగాను. "వదిలెయ్యవే. వాళ్ల పిల్ల, వాళ్ల ఇసుక."

"హటో అమ్మా. గినతీ భూల్ జావూంగీ." లెక్క తప్పిపోతుందట. మళ్లీ లాగాను. మోచేత్తో నన్ను ఒక్క పోటు పొడిచింది, లెక్క ఆపలేదు.

ఎంతసేపో తెలీదు. ఆ పిల్ల గొంతులో గురకలాంటి చప్పుడొచ్చింది, పొట్ట ఎగసింది. ఎవరిదో వ్యాను దొరికింది. నా కూతురూ ఎక్కింది.

గుండె సరిగ్గా కొట్టుకుంటోందో లేదో చూడాలని ఆసుపత్రిలో రెండు రోజులుంచారు. మూడో నాడు అత్తగారు మా గుమ్మంలోకొచ్చి, "మీ అమ్మాయి నా కోడలి పక్కటెముక విరగ్గొట్టింది" అంది.

"విరిగిన ఎముక అతుకుతుంది అమ్మాజీ" అన్నాను. "ముందు బోరింగు తీగ తీయించండి. లేకపోతే ఈసారి పిడి మీరే పట్టుకోండి."

ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకున్నా. అనలేదు. కొడుకొచ్చి తల దించుకుని తీగ విప్పుకుపోయాడు.

ఆ సాయంత్రం, షాకు కొడితే ఏం చెయ్యాలో రాసి గోడకి అంటిద్దామని అట్టముక్క ఒకటి తీశాను. నా కోసమే, తప్పు కూసింది నేనే కదా. నా కూతురికి తెలుగు రాయడం రాదు. నాకా, చర్చిలో అక్షరాలు దిద్ది అప్పటికి రెండేళ్లు. అది చెబుతుంటే కూడబలుక్కుని రాశాను. ముందు కరెంటు ఆపు. ఆగేదాకా మనిషిని ముట్టుకోకు. ఊపిరి ఉందో లేదో చూడు. అక్కడ నా పెన్సిలు ఆగింది.

"ఇసుక అసలు లాగదా?"

"ఒంట్లో కరెంటు మిగిలుంటే కదా లాగడానికి," అంది హిందీలో. "ఇసుక బరువుకి ఛాతీ లేవదు, అంతే. నీకెవరు చెప్పారిది?"

ఎవరూ చెప్పలేదు. నాకు పన్నెండేళ్లప్పుడు మా అన్నకి పొలం మోటారు దగ్గర షాకు కొట్టింది. ఊరంతా కలిసి గొంతుదాకా ఇసుకలో పెట్టారు. వాగులోంచి గంపలతో మోసినవాళ్లలో నేనొకదాన్ని. ఇసుక చాలక పోయాడనుకున్నా ఇన్నేళ్లూ. ఇంకో నాలుగు గంపలు పరుగున తెచ్చుంటే బతికేవాడనుకున్నా.

"పూడ్చేటప్పుడు మామయ్యకి ఊపిరుందా?" అనడిగింది, ఈసారి తెలుగులో.

తెలీదన్నాను. ఎవరమూ చూళ్లేదు.