ఎడమ చక్రం జాడ

కాశీబుగ్గలో నా టైర్ల షాపు ముందు కూర్చునే వాళ్ళెవరూ నేను చెప్పేది పూర్తిగా నమ్మరు. భావనపాడు దగ్గర ఒక చేప నా ట్యూబు మింగేసి, ఆ తర్వాత మునగలేక నీళ్ళ మీదే తేలుతూ తిరిగిందని చెప్పినవాణ్ణి నేను. కాబట్టి రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక కార్తీకంలో, అక్కుపల్లి ఇసకలో చూసింది చెబితే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

మా అక్క మొగుడికి ట్రాక్టరుండేది. వెలుగు రాగానే అక్కుపల్లి ఒడ్డుకు వెళ్ళి, నీటి అంచు దాకా వెనక్కి పోనిచ్చి, పడవల మీద వచ్చిన చేపలు తొట్టికెత్తించుకుని, జీడితోటల్లోంచి కాశీబుగ్గ తెచ్చేవాడు. ఆ నెలలోనే ఆ ఊరివాడొకడు వేటకు వెళ్ళి సముద్రంలో పడిపోయాడు. పడవ వచ్చింది, తోటివాళ్ళు వచ్చారు. అతను రాలేదు. శవమూ దొరకలేదు. ఇంట్లో అతని ముసలి తల్లి, ఆమెను కనిపెట్టుకుని ఉన్న ఆమె కూతురు మిగిలారు.

ఆ కూతురు ఒక మధ్యాహ్నం బావను వెంటబెట్టుకుని నా షాపుకొచ్చింది.

"అన్నా, మీ బావ టాట్రరు మా ఒడ్డుకి రాకుండా సెయ్యు. మాయమ్మ దాని జాడ పట్టుకుని నీల్లల్లోకి ఎలిపోతంది. నిన్న పీకలదాకా దిగిపోనాది. నాను జుట్టట్టుకుని లాక్కొచ్చినాను. ఒక పూట నాను లేకపోతే అంతే."

"ఏటి జాడ?"

"వచ్చి సూడు. నాను సెప్తే నీ కతలాగుంతాది."

బావ మీసం కింద నవ్వాడు. "సూసినావా బామ్మర్దీ, నీ పేరు సముద్రం దాకా పాకింది."

మర్నాడు నేనూ ట్రాక్టరెక్కి వెళ్ళాను. మంచు దిగి ఉంది. సరుగుడు తోట దాటాక ముందు ఏముందో కనపడదు, అలల చప్పుడే దారి. చేపలెత్తాక బావ బండిని పైకి పోనిచ్చాడు. నేను దిగి వెనక నడిచాను. తొట్టి చక్రాలు సన్నవి, లోపలి వైపుగా పోయాయి. కుడి పెద్ద చక్రం జాడ మామూలుగానే ఉంది, ఇసకలో ఏటవాలు గట్ల అచ్చులు. ఎడమ జాడ చూసి నా నడక ఆగిపోయింది.

మధ్యలో గట్లు లేవు. నున్నటి గాడి, మనిషి వీపంత వెడల్పు. ఆ గాడికి రెండు పక్కలా పొట్టి గీతలు, ఒకదాని వెనక ఒకటి. ఎవరినో వెల్లకిలా ఈడ్చుకుపోతుంటే రెండు చేతుల గోళ్ళతో ఇసకను పట్టుకోబోయినట్టుంది. గాడి నీళ్ళలోంచి మొదలై, మంచులోకి పోయింది.

ముసలమ్మ అప్పటికే అక్కడుంది. వంగి ఆ గీతల్లో వేళ్ళు పెట్టి చూస్తోంది. ఆమె వేళ్ళు వాటిలో సరిగ్గా పట్టాయి.

"సముద్రం ఇచ్చీసింది బాబూ," అంది నావైపు చూడకుండా. "టాట్రరు ఈడుసుకొత్తంది. తల ఇటొచ్చీసింది గానీ కాల్లు ఆ కొసనే వల్లో సిక్కుండిపోనాయి. దినామూ కాసింతే పైకొత్తన్నాడు. నాను ఇడిపించాల."

అని అలల్లోకి నడిచింది. కూతురు పరిగెత్తి నడుం పట్టుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. చల్లటి చెయ్యి, కానీ నాకంటే బలంగా ఉంది.

ఆమె ఒడ్డున కూలబడ్డాక బావ బండి టైర్లకు గాలి కొలిచే గేజీ పెట్టాను. కుడి టైరు గాలి ఇసకకు తగ్గట్టు మెత్తగానే ఉంది. ఎడమది రాయి.

"ఇదేటి బావా, ఒకటి అప్పడం, ఒకటి బండరాయి?"

"లోడుతో ఎల్లేటప్పుడు మన రోడ్డు ఎడమ పక్కకి వాలుతాది కదరా. పల్లం పక్క టైరు గట్టిగుంటే తొట్టి ఒరగదు. మా అయ్య నాటు బండి కాడినించీ ఇదే లెక్క."

ఎడ్ల బండి చక్రంలో గాలేదీ? అదే అడిగాను. బావ సముద్రం వైపు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు.

మితిమీరి గాలి కొడితే పెద్ద టైరు కడుపు ఉబ్బుతుంది. అంచులు తారురోడ్డుకు ఆనవు. బరువంతా నడుమ పడి, నడిమి గట్లే అరిగిపోతాయి, అంచుల్లో మిగిలినవే ఇసకలో గోళ్ళ గీతల్లా పడతాయి. గాలి చాలకపోతే దీనికి తలకిందులు, అంచులు అరిగి నడుము నిలుస్తుంది. ఇదే ముసలమ్మకు చెప్పాను. ఆమెను టైరు దగ్గరకు తీసుకెళ్ళి, నున్నబడ్డ నడుము మీద చెయ్యి పెట్టించాను. శ్రద్ధగా తడిమింది, విన్నది. విని,

"సేప ట్యూబు మింగిందని సెప్పింది నువ్వేనా?" అంది.

జీవితంలో ఒకసారి నిజం చెప్పాను. దాని గతి అది.

గాలి దించి రెండు టైర్లూ సమం చేశాను. గాడి కాస్త లోతు తగ్గింది, అంతే. అరిగిన రబ్బరు మళ్ళీ మొలవదు. అయితే చక్రాలు అటూ ఇటూ మారిస్తే, జాడ టైరుదేనని ఆమెకే తెలుస్తుందనుకున్నాను. షాపులో జాకీ ఎత్తి, టైర్లు విప్పి, తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ముందుకే ఉండేలా తిరగేసి ఎక్కించాను. విప్పినప్పుడు టైరుకీ ట్యూబుకీ మధ్య గుప్పెడు ఇసక రాలింది. ఒడ్డున తిరిగే బండికి అది మామూలే. బండి అప్పటికి రెండు రోజులుగా ఎండలో కదలకుండా ఉంది. ఇసక మాత్రం తడిగా ఉంది.

మళ్ళీ ఒడ్డుకు వెళ్ళాం. నున్నటి గాడి ఇప్పుడు కుడివైపు పడింది.

"సూడమ్మా," అన్నాను. "టైరు మార్సినాను, జాడా మారింది. మనిసైతే మారతాడేటి?"

ముసలమ్మ చాలాసేపు చూసింది. ముఖం విచ్చుకుంది.

"ఒత్తిగిలినాడు," అంది కూతురితో. "పడుకుని పడుకుని వీపు నొప్పెట్టినట్టుంది."

ఆ మాటకి బావ బీడీ జారిపోయింది. ఆమె ఆ రోజు మరింత సంబరంగా నీళ్ళకేసి నడిచింది. కూతురూ నేనూ మళ్ళీ పట్టుకోవలసి వచ్చింది.

ఇక మిగిలింది ఒకటే దారి. బావ సణిగాడు, అక్క తిట్టింది, చివరికి పాత జతను తీసేసి కొత్త టైర్లు వేశాం. గాలి నేనే కొట్టాను, రెండింటికీ ఒకే లెక్క. ముసురు పట్టింది. ఆ తెల్లారి ఒడ్డున ఆకాశం, నీళ్ళు, ఇసక అన్నీ ఒకే రంగు. బండి పైకెళ్ళింది. వెనక రెండు జాడలు, గట్టు గట్టూ స్పష్టంగా, ఒకదానికొకటి తోబుట్టువుల్లా.

ముసలమ్మ నీటి అంచున వెతికింది. అటు పోయింది, ఇటు వచ్చింది. గాడి లేదు, గోళ్ళు లేవు. కూతురు ఆమె వెనకే చేతులు చాపి సిద్ధంగా నిలబడింది. ఇప్పుడు పడుతుందేమో, ఏడుస్తుందేమో, ఒక్కసారిగా దూకేస్తుందేమోనని నేనూ రెండడుగులు ముందుకేశాను.

ఆమె సముద్రానికి వీపు తిప్పింది.

"ఈ దినం ఈడవనేదు," అంది. "కాల్లు వచ్చీసినాయి. నడిసెల్లిపోనాడు. ఒలే, ఇంటికి పద. కాల్లకి నీల్లెట్టాల."

మళ్ళీ ఎన్నడూ నీళ్ళలోకి దిగలేదు. గుమ్మం లోపల, వాన పడని చోట చెంబుతో నీళ్ళు పెట్టి కూర్చునేది. వారం తర్వాత కూతురు షాపుకొచ్చి, పొద్దున నింపిన చెంబు సాయంత్రానికి సగమైపోతోందని, మెల్లగా చెప్పింది.

"ఎండకి ఇగిరిపోతాది లే," అన్నాను.

ఆమె వానకు కప్పుకున్న గోనెసంచి తల మీంచి తీసి నీళ్ళు దులిపింది. ముసురు ఇంకా వదల్లేదు. ఎండ చూసి మాకప్పటికి వారమైంది.